ఓడినవాళ్ళు టీ పెట్టాలి

"మెట్లాటకి రూల్సు రెండే రెండు" అని మొదలుపెట్టి అరగంటైనా ముగించలేని మనిషి నంబర్ల మాస్టారు. అలాగని ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ఇంటి ముందుగదిలో కొట్టు పెట్టుకుని బండ్లకు నంబరు ప్లేట్లు రాస్తారు. ఆ వీధిలో తిరిగే బండ్లలో సగం ఆయన చేతి ఎనిమిదిని వెనక తగిలించుకుని తిరుగుతాయి. నడుము సన్నగా, పొట్ట నిండుగా ఉండే ఆ ఎనిమిది ఎదురొచ్చినప్పుడల్లా ఆయన రోడ్డు మీద ఆగి మరీ మురిసిపోతారు.

ఆ సాయంత్రం షట్టరు దించి, కిరసనాయిలు గుడ్డతో వేళ్ళ మధ్య రంగు తుడుచుకుంటూ మధ్యగదిలోకి వచ్చేసరికి బల్ల చుట్టూ అందరూ చేరి ఉన్నారు. వ్యాను నడిపే కొడుకు అప్పుడే స్నానం చేసి తడి జుట్టుతో కూర్చున్నాడు. మందుల షాపులో పనిచేసే కోడలు ఇంకా కొత్తగానే ఉంది. ఏ కుర్చీ ఎవరిదో తెలియక గోడవార నిలబడింది. మాస్టారి భార్య కూరగాయల బుట్ట లోపల పెట్టేసి, తడి చేతులు గుడ్డకి తుడిచీ తుడవకుండా వచ్చి తన కుర్చీలో కూర్చుంది. వంటింటి గుమ్మానికి దగ్గరగా ఉన్న కుర్చీ అదొక్కటే.

"చూడమ్మా" అన్నారు మాస్టారు కోడలితో, కార్డుల కట్ట అరచేతిలో తడుతూ. "ఒకటి నుంచి అరవై దాకా కార్డులు. అన్నీ నేనే కోసి, నేనే రాసినవి. బజారులో దొరికేవి కావు. మనిషికి ఏడేసి పంచుతాం. మధ్యలో ఒకటి తిరగేస్తాం. దాని మీద దానికన్నా పెద్దది వెయ్యాలి. అలాగని మూడు మీద ముప్పై వేస్తానంటే కుదరదు. పది దాటి ఎగరకూడదు. మెట్లెక్కేవాడు ఒక్కో మెట్టూ ఎక్కాలి గానీ నేల మీంచి మేడ మీదకి దూకుతాడా?"

"దూకడు మావయ్యా."

"అదీ! వరసగా ఉన్నాయనుకో, ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు అలా, గుత్తిగా ఒకేసారి వేసెయ్యొచ్చు. వెయ్యడానికేం లేకపోతే కట్టలోంచి ఒకటి తీసుకో. యాభై దాటాక పైకి వెయ్యలేనివాడు జారాలి. అంటే చేతిలో అన్నిటికన్నా చిన్నది వేసి మళ్ళీ కింద నుంచి మొదలెట్టాలి. ముందు చెయ్యి ఖాళీ చేసినవాడు గెలిచినట్టు. మిగిలినవాళ్ళు చేతిలో ఉన్నవి కూడుకోవాలి. ఎవరి మొత్తం ఎక్కువైతే వాళ్ళు ఓడినట్టు."

"రెండన్నారు, ఆరు చెప్పారు" అంది భార్య.

"ఓడితే ఏమవుతుంది మావయ్యా?"

"ఓడినవాళ్ళు టీ పెట్టాలి" అన్నారు మాస్టారు, తీర్పు చదివినట్టు.

"అంటే అమ్మ" అన్నాడు కొడుకు.

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది.

కోడలు కుర్చీ లాక్కోబోతే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా రెండు సాయంత్రాలు ఒకరి వెనక స్టూలు వేసుకుని కూర్చుని, వాళ్ళ చేతిలో కార్డులు చూస్తూ ఆట నేర్చుకోవాలి. నోరు మాత్రం విప్పకూడదు. "నా వెనక కూర్చుంటే ఎలా గెలవాలో తెలుస్తుంది. కానీ ముందు ఎలా ఆడకూడదో తెలుసుకోవాలి కదా! మీ అత్తయ్య వెనక కూర్చో" అన్నారు ఆయన. తన మాటకి తానే నవ్వుకుంటూ కార్డులు పంచారు.

ఆడుతున్నంతసేపూ మాస్టారి నోరు ఊరుకోదు. తొమ్మిది వేస్తే తొమ్మిది గురించి చెప్తారు, పదిహేడు వేస్తే దాని తోక ఎంత కష్టపడి గీశారో చెప్తారు. ఎదుటివాళ్ళు ఆలోచిస్తుంటే బల్ల మీద వేళ్ళతో దరువు వేస్తారు. ఆ రోజూ ఆయనే గెలిచారు. కొడుకు చేతిలో మూడు కార్డులు మిగిలాయి. భార్య చేతిలో యాభై రెండు, యాభై నాలుగు, యాభై ఏడు, ఇంకా ఏవో ఉన్నాయి. మొత్తం కూడక్కర్లేకుండానే ఎవరు ఓడారో తెలిసిపోయింది.

"నా చేతికన్నీ బరువులే వస్తాయి, ఏం చెయ్యను" అంటూ ఆవిడ లేచింది.

కోడలు కూడా స్టూలు మీంచి లేచి వెనకే వెళ్ళింది. మాస్టారు వంటింటి వైపు మెడ సాచి, "ఇన్నాళ్ళకి నీకు తోడు దొరికిందోయ్! ఇక ఇద్దరూ కలిసి ఓడండి!" అని కేకేశారు. లోపల గిన్నె పెట్టిన చప్పుడైంది.

మర్నాడు పొద్దున మాస్టారు కొట్టులో ఒక ప్లేటుకి తెల్లరంగు పూసి ఆరబెట్టి, రెండోదాని మీద పెన్సిలుతో గీతలు కొడుతున్నారు. కోడలు సంచీ భుజాన వేసుకుని పనికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది.

"మావయ్యా, చిన్న అనుమానం. ముప్పై ఆరు మీద నలభై వెయ్యొచ్చు కదా?"

"భేషుగ్గా!"

"మరి చేతిలో నలభై ఉండి కూడా, లేదని కట్టలోంచి తీసుకోవచ్చా? అలా ఏమైనా రూలుందా?"

మాస్టారు పెన్సిలు చెవి మీద పెట్టుకుని పకపకా నవ్వారు. "ఉండగా లేదనేవాళ్ళు ఎవరమ్మా? ఓడిపోవాలని ఎవరైనా ఆడతారా? నిన్న నిద్రమత్తులో సరిగ్గా చూసుండవు."

కోడలు పెదవి కొరుక్కుంది. "అంతే అయ్యుంటుందిలెండి" అని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

మాస్టారు మళ్ళీ గీతలు కొట్టారు. మొదటి గీత వంకరపోయింది. చెరిపి మళ్ళీ కొట్టారు, అదీ వంకరే. పిల్ల మందుల షాపులో పనిచేస్తుంది. చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న పేరు చూసి మందు తీసిచ్చే పిల్ల. ఆయన చేతి నలభైని తప్పు చదువుతుందా? అరచేయంత పెద్దగా రాసిన నలభై అది!

మధ్యాహ్నం గిరాకీ లేని వేళ ఆయన పాత కట్ట తెచ్చి పనిబల్ల మీద పరిచారు. కోడలు రేపు ఆటలోకి దిగుతుంది కదా, కొత్త కట్ట రాద్దామని ఎప్పట్నుంచో అనుకుంటున్నారు. జోళ్ళ పెట్టెల అట్టలు కోసి సిద్ధంగా ఉంచారు. ఏ కార్డు ఎంత పాడైందో చూద్దామని ఒకటి నుంచి అరవై దాకా వరసగా పేర్చుకుంటూ వచ్చారు.

చిన్న నంబర్ల కార్డులు శుభ్రంగా ఉన్నాయి. ఇరవైలు, ముప్పైలు అంచులు కాస్త నలిగాయి. నలభై దాటాక ఎడమవైపు కింది మూల ఒక మచ్చ కనబడింది. యాభైల దగ్గరికొచ్చేసరికి ఆ మచ్చ ప్రతి కార్డు మీదా ఉంది. తడి బొటనవేలు ఒకే చోట నొక్కీ నొక్కీ అట్ట ఉబ్బి, రంగు పొరలుగా లేచింది. యాభై ఎనిమిదికైతే మూల పూర్తిగా మెత్తబడి దూదిలా అయిపోయింది.

ఆ ఇంట్లో తడి వేళ్ళతో కార్డులు పట్టుకునే మనిషి ఒక్కతే. పంచేటప్పుడు కార్డులు అందరికీ కలగాపులగంగా వెళ్తాయి. అలాంటప్పుడు పెద్ద కార్డుల మీద మాత్రమే ఒకే మనిషి వేలు ఇంత లోతుగా ఎలా పడింది? వచ్చిన పెద్ద కార్డునల్లా వదలకుండా పట్టుకుని కూర్చుంటేనే పడుతుంది. మాస్టారు ఆ మచ్చ మీద తన బొటనవేలు పెట్టి చూశారు. వేలు పెద్దది, మచ్చ చిన్నది. ఆయనకి తేలు కుట్టినట్టయింది, కానీ ఎక్కడ కుట్టిందో చెప్పుకోలేకపోయారు.

ఆ సాయంత్రం ఆట మధ్యలో ఆయన దాహమని లేచారు. మంచినీళ్ళ సీసాలు భార్య వెనక అలమారలో ఉంటాయి. సీసా అందుకునే నెపంతో కళ్ళజోడు సరిచేసుకుని ఆవిడ భుజం మీదుగా చూశారు. బల్ల మీద ముప్పై తొమ్మిది ఉంది. ఆవిడ చేతిలో నలభై ఒకటి, నలభై రెండు, నలభై మూడు, పూలగుత్తిలా పక్కపక్కనే ఉన్నాయి. పక్కన నలభై ఏడు కూడా ఉంది.

ఆవిడ ఒకసారి కొడుకు మొహం చూసింది. పొద్దుటి నుంచి వ్యాను నడిపి నడిపి వాడి కళ్ళు మూతలు పడుతున్నాయి, చేతిలో మాత్రం బోలెడు కార్డులున్నాయి. ఆవిడ పెదవి విరిచి, "అబ్బే, నా దగ్గరేం లేదు" అని కట్టలోంచి ఒకటి తీసుకుంది.

మాస్టారు సీసా మూత తియ్యకుండానే నోటి దగ్గర పెట్టుకున్నారు. స్టూలు మీద కూర్చున్న కోడలు తల తిప్పి ఆయన్నే చూస్తోంది. ఆయన వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. ఆ తర్వాత ఏ కార్డు గురించీ ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు. "నాన్నకి ఒంట్లో బాలేదా?" అన్నాడు కొడుకు.

ఆట అయిపోయింది. ఆవిడ ఓడిపోయింది, లేచింది. మాస్టారు కాసేపు ఆగి వంటింట్లోకి వెళ్ళారు. ఆ గదిలోకి ఆయన ఊరికే వెళ్ళడం చాలా అరుదు. ఎక్కడ నిలబడాలో తెలియక గట్టుకి అడ్డంగా నిలబడితే ఆవిడ ఆయన్ని మోచేత్తో పక్కకి జరిపి చక్కెర డబ్బా తీసుకుంది.

"నలభై ఒకటి ఉండగా లేదన్నావేంటి?" అన్నారు ఆయన మెల్లగా.

ఆవిడ చెంచా ఆగింది. మళ్ళీ కదిలింది. "ఏం దాహమా అనుకున్నా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"కట్ట కొత్తగా ఉన్నప్పటి నుంచి" అని ఆవిడ నవ్వేసింది. "పోనిద్దురూ. ఆటేగా."

"ఆటలో ఎవరైనా కావాలని ఓడతారా?"

ఆవిడ పొయ్యి తగ్గించి, ఆయన వైపు తిరిగింది. కోపంగా లేదు. మార్కెట్లో ఏ కూర దొరికిందో చెప్తున్నట్టు చెప్పింది. "మొదట్లో ఒకసారి మిమ్మల్ని ఓడించాను. గుర్తుందా?"

"లేదు."

"ఉండదు. నా చెయ్యి ఖాళీ అయింది, మీ చేతిలో గంపెడున్నాయి. మీరు పెద్దగా నవ్వి, 'సరే సరే, గెలిచావులే, ఇక లేచి టీ పెట్టు' అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి లేచి టీ పెట్టాను." ఆవిడ కప్పులు వరసగా పెట్టింది. "గెలిచినా లేవాల్సిందే, ఓడినా లేవాల్సిందే. ఓడి లేస్తే ఆటలో భాగంలా ఉంటుంది. గెలిచి లేస్తే మాత్రం ఇక్కడెక్కడో నొప్పి పుడుతుందండీ. అందుకని ఓడిపోతే సుఖమని తెలుసుకున్నా. పైగా మీరు గెలిస్తే ఎంత ముచ్చటగా ఉంటారని! మీసం లేకపోయినా మెలేస్తారు."

ఆయనకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తన గెలుపులన్నీ ఒక్కొక్కటే కళ్ళ ముందు జారిపోతున్నాయి. ఆవిడ ఆయన చేతిలో కప్పు పెట్టి, "చల్లారిపోతుంది, తాగండి" అంది.

మర్నాడంతా మాస్టారు కొత్త కట్ట రాస్తూ కూర్చున్నారు. ప్లేట్ల కోసం వచ్చినవాళ్ళకి "రేపు రండి" అని చెప్పి పంపేశారు. నల్లరంగులో సన్నకుంచె ముంచి, ఊపిరి బిగబట్టి ఒక్కో అంకె దించారు. యాభై ఎనిమిది రాసేటప్పుడు కుంచె జారి ఎనిమిది పొట్ట కాస్త పక్కకి వాలింది. దాన్ని దిద్దబోయి మానేశారు. రంగు ఆరేలోగా మనసులో ఒక నిర్ణయం చేసుకున్నారు. ఇవాళ తనే ఓడిపోవాలి. ఎవరేమన్నా సరే, తనే లేవాలి.

సాయంత్రం కోడలు స్టూలు వదిలి కుర్చీలో కూర్చుంది. మొదటిసారి చేతికి కార్డులు రావడంతో విసనకర్రలా పట్టుకోవడం కుదరక రెండుసార్లు కింద పడేసుకుంది. కొడుకు పెళ్ళాన్ని ఆటపట్టిస్తూ, "అమ్మ వెనక కూర్చుని నేర్చుకున్నావుగా, టీ నీళ్ళు ముందే పొయ్యి మీద పెట్టి రా" అన్నాడు.

ఆట మొదలైంది. నాలుగు మీద కొడుకు పదకొండు వేశాడు. మాస్టారు తన చేతిలో పదహారు కేసి చూసి, గొంతు సవరించుకుని, "నా దగ్గరేం లేదు" అన్నారు. అబద్ధమాడి అలవాటు లేని మనిషేమో, చెవులు ఎర్రబడ్డాయి. కట్టలోంచి తీసుకున్నారు. కోడలు, "నా దగ్గరా లేదు" అని తీసుకుంది. భార్య, "నాకూ అంతే" అని తీసుకుంది. కొడుకు పద్దెనిమిది వేశాడు. మళ్ళీ ముగ్గురూ లేదన్నారు, ముగ్గురూ తీసుకున్నారు.

కాసేపటికి కట్ట అయిపోయింది, ఇక లేనివాళ్ళు ఊరికే వంతు వదిలెయ్యడమే. కొడుకు చేతిలో రెండు కార్డులే మిగిలాయి. మిగతా ముగ్గురికీ పట్టలేనన్ని ఉన్నాయి. మధ్యమధ్యలో ఒకటీ అరా వేసినా బరువు తగ్గలేదు. "ఏంటి ఇవాళ మీ అందరికీ? గుడ్డి గుర్రాల మధ్య నేనొక్కణ్ణే కళ్ళున్నవాణ్ణా?" అని వాడు కాలర్ ఎగరేశాడు.

బల్ల మీద ఇరవై రెండు ఉంది. కోడలి వంతు. ఆ పిల్ల తన కార్డుల్లో ఒకదాన్ని వేలితో సగం పైకి లాగింది, అత్తగారి వైపు చూసింది, మళ్ళీ లోపలికి తోసేసింది. "లేదు" అంది.

అత్తగారు చెయ్యి చాచి కోడలి మణికట్టు పట్టుకుని, ఆ పిల్ల కార్డుల్ని తన వైపు తిప్పి చూసింది. అందులో ఇరవై మూడు ఉంది, ఇరవై ఏడు ఉంది, ముప్పై మూడు కూడా ఉంది.

"ఉంది కదే!"

కోడలు తల దించుకుంది. "మీరు అలాగే ఆడతారు కదా అత్తయ్యా. ఈ ఇంట్లో మనం అలా ఆడాలేమో అనుకున్నా."

కొడుకు ఒకసారి తల్లిని, ఒకసారి పెళ్ళాన్ని చూశాడు. వాడికేం అర్థం కాలేదు. మాస్టారికి అంతా అర్థమైంది. మొన్న తను వేసిన కేక, ఇక ఇద్దరూ కలిసి ఓడండి అన్న ఆ కేక, తిరిగొచ్చి తన చెంపనే కొట్టింది.

ఆవిడ మాత్రం చాలాసేపు కోడలి మణికట్టు వదల్లేదు. "నా వెనక కూర్చుని ఇదా నేర్చుకున్నావు?" అంది. "నాతో పోతుందనుకున్నానే తల్లీ."

తర్వాత కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది. చేతులు రెండూ గుడ్డకి పొడిగా తుడుచుకుంది. కార్డుల్ని వరస మార్చి సర్దింది. ఆ వేళ్ళు అంత చురుగ్గా కదలడం ఆ బల్ల దగ్గర ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"ఇక దొంగాట లేదు. ఉన్నది వెయ్యాలి, అందరూనూ. నా వంతు" అని, ఇరవై రెండు మీద ఇరవై నాలుగు, ఇరవై అయిదు, ఇరవై ఆరు గుత్తిగా దించింది.

కొడుకు దగ్గర దానిమీదకి ఏమీ లేదు. మాస్టారు కూడా లేదన్నారు. కోడలు భయంభయంగా ముప్పై మూడు వేసింది. అత్తగారు ముప్పై ఎనిమిది నుంచి నలభై ఒకటి దాకా నాలుగూ ఒక్క దెబ్బకి వేసింది. కోడలి వంతు మళ్ళీ వచ్చి నలభై తొమ్మిది పడింది. ఈసారి ఆ పిల్ల అత్తగారి వైపు చూడలేదు. దాని మీద అత్తగారు యాభై నాలుగు, యాభై అయిదు, యాభై ఆరు, యాభై ఏడు పేర్చింది.

"అమ్మో! ఎవరీవిడ?" అన్నాడు కొడుకు. యాభై ఎనిమిది వేసి ఒక్క కార్డుతో నిలబడ్డాడు. మాస్టారు చేతిలో అరవై పెట్టుకుని కూడా లేదని, అయిదు వేసి జారారు. ఆవిడ ఆయన చెవుల వంక చూసింది. కోడలు ఎనిమిది వేసింది. కొడుకు తన చివరి కార్డు ముందే పైకెత్తి పట్టుకున్నాడు.

వాడి వంతుకి ముందు తల్లి వంతు. ఆవిడ పధ్నాలుగు, పదిహేను కలిపి మెల్లగా బల్ల మీద పెట్టి, ఖాళీ చేతులు రెండూ విప్పి చూపించింది.

"అయ్యో, నా పన్నెండు!" అని కొడుకు లబోదిబోమన్నాడు. కోడలు చప్పట్లు కొట్టింది. మాస్టారు తన కార్డులు కూడారు. ఇంకెవరూ కూడక్కర్లేకపోయింది. ఆయన లేచారు.

అందరూ ఆయన్నే చూస్తుండగా వంటింట్లోకి వెళ్ళారు. తర్వాత అలమార తలుపులు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఏదో మూత దొర్లుకుంటూ వెళ్ళి ఎక్కడో ఆగింది.

"ఏమోయ్, చక్కెర డబ్బా ఎక్కడ?"

కోడలు గభాలున లేవబోయింది. అత్తగారు ఆ పిల్ల భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది. "కూర్చో. ఇప్పుడు లేచావంటే ఈ కుర్చీ నీకొస్తుంది." వంటింటి వైపు గొంతెత్తి, "పైన రెండో అరలో, ఎర్రమూత డబ్బా!" అని చెప్పింది. చెప్పాక చేతులేం చేసుకోవాలో ఆవిడకి తెలియలేదు. బల్ల మీది కార్డులన్నీ దగ్గరికి పోగేసి కలపడం మొదలుపెట్టింది.

టీ ఘోరంగా ఉంది. రంగు చూస్తే ప్లేట్లకి వేసే రంగు కలిపారేమో అనిపించింది. కొడుకు ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టాడు. కోడలు మొహం అటు తిప్పుకుని నవ్వాపుకుంది. ఆవిడ మాత్రం వేడిగా, కూర్చున్నచోటనే, చివరి చుక్క దాకా తాగింది.

"ఎలా ఉంది?" అన్నారు మాస్టారు, పరీక్ష రాసినవాడిలా నిలబడి.

"పాడుగా ఉంది" అంది ఆవిడ. "కూర్చోండి. ఇంకో ఆట వేద్దాం. ఈసారి మీ చేతిలో అరవై ఉంటే అరవయ్యే వెయ్యాలి."

మాస్టారు కూర్చున్నారు. ఈసారి నిజంగా ఆడారు. చొక్కా చేతులు మడిచి, నోరు కట్టేసుకుని, ఒక్కో కార్డు ఆచితూచి, తనకి తెలిసిన ఎత్తులన్నీ వేసి ఆడారు. తను పుట్టించిందే ఈ ఆట, తను రాసినవే ఈ అంకెలు, ఎంతలేదన్నా పరువు దక్కించుకోవాలి కదా! ఆవిడ ఎదురుగా నిదానంగా కూర్చుని, ఆయన ఏ కార్డు దాచారో చదివినట్టు, సరిగ్గా దాన్ని దాటేసే కార్డు వేస్తూ పోయింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. ఆవిడ చెయ్యి ఖాళీ అయ్యేసరికి మాస్టారి చేతిలో వాలిన పొట్టతో యాభై ఎనిమిది, దాని పక్కన ఇంకా రెండు పెద్దవీ మిగిలిపోయాయి.

"ఇది కావాలని ఓడింది కాదు" అన్నారు ఆయన, నమ్మలేనట్టు.

"తెలుసు" అంది ఆవిడ. ఇంత చిన్న ఆట గెలిచి మనిషి అంత అందంగా నవ్వగలదని ఆయనకి ఇప్పటిదాకా తెలియదు. ఆ నవ్వు ఎదురుగా కూర్చుని చూడాల్సిన మనిషి తనే. ఇన్నాళ్ళూ చూడకుండా పోగొట్టుకున్నానే అని ఆయన ప్రాణం ఉసూరుమంది.

కార్డులు బల్ల మీద పెట్టి, కప్పులు నాలుగూ ఒకదాంట్లో ఒకటి పేర్చుకుని లేచారు. ఈసారి ఎర్రమూత డబ్బా ఎక్కడుందో అడగలేదు.